కళ్ళతోనే ముట్టాలి

తెల్ల నూలు గ్లౌజులు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న శాలిబండలో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్ళి భోజనానికి కూర్చున్నాం. వడ్డించేవాళ్ళందరికీ కేటరింగ్ ఆయన తెల్ల గ్లౌజులు తొడిగించాడు. ఒకతను ఆ చేత్తో డబల్ కా మీఠా వెయ్యబోతే "వద్దు" అన్నాను, కాస్త గట్టిగానే. అతను బెదిరిపోయి పక్క విస్తరికి వెళ్ళిపోయాడు. మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

"నువ్వు మీఠా వద్దనుడు నేనెప్పుడు సూడలే. ఏమైంది?"

"ఏం గాలే. తిను."

ఏమైందో చెప్పాలంటే విమానాల సారు గురించి చెప్పాలి. ఆయన పోయి అప్పటికి నెల కూడా కాలేదు. పోయిన మనిషి గురించి చెడ్డగా మాట్లాడకూడదని నాకూ తెలుసు. కానీ ఆయన బతికున్నన్నాళ్ళూ ఎవరి గురించీ ఒక్క మంచి మాట మాట్లాడలేదు. కాబట్టి నేను రాసుకుంటే తప్పేమీ లేదు.

గౌలిపురలో పాలవాళ్ళ గేదెల కొట్టాలు దాటి సందు మలుపు తిరిగితే ఆయన ఇల్లు. ఏదో సర్కారీ కార్ఖానాలో స్టోర్సు చూసి రిటైరయ్యాడు. అక్కడ ఒక నట్టు ఇవ్వడానికి కూడా నలుగురి సంతకాలు అడిగేవాడని ఆయనే గర్వంగా చెప్పుకునేవాడు. ఇంట్లో ముందుగది నిండా అద్దాల అల్మారాలు. వాటిలో రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన యుద్ధ విమానాల నమూనాలు ఇరవై రెండు. ప్లాస్టిక్కువి కావు, లోహం కరిగించి అచ్చులో పోసినవి, డైకాస్ట్ అంటారే, అవి. అసలు విమానంలో ముప్పై రెండో వంతు. ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు రెండు జానలుంటాయి, చేతిలో పెడితే మణికట్టు కిందికి లాగుతుంది. చక్రాలు ముడుచుకుంటాయి, పైలట్ మీది అద్దం వెనక్కి జరుగుతుంది, రెక్కలో తుపాకుల మూత తెరిస్తే లోపల తూటాల వరస కనిపిస్తుంది. వాటిని చూశాక నాకు ఇంకే వస్తువూ వస్తువులా అనిపించలేదు. ఆయన మీద ఎంత కోపమున్నా ఆ మాట ఒప్పుకోవాలి.

తలుపు తట్టినవాణ్ణి ఆయన లోపలికి రమ్మనేవాడు కాదు. గడపలోనే నిలబెట్టి అడిగేవాడు.

"ఏం సూడనీకి వచ్చినవ్?"

"బొమ్మలు చూద్దామని సార్" అన్నారా, తలుపు మొహం మీదే మూతపడేది. నా కళ్ళముందే ఒక బ్యాంకు మేనేజరుకు పడింది, ఒక స్కూలు పంతులుకు పడింది, ఆయన సొంత వియ్యంకుడికి పడింది. విమానాలు అన్నవాడికి రెండో పరీక్ష. పెరట్లో కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని రెండువైపులా తిప్పి చూపించాలి. కడుక్కున్నా ముట్టనిచ్చేవాడని కాదు. "చేతులు ఎన్కకు పెట్టు. కండ్లతోని ముట్టు, చేతులతోని గాదు" అనేవాడు. మరి కడుక్కోవడం ఎందుకని ఒకసారి అడిగాను. "నీకు బుద్ధి రానీకి" అన్నాడు.

తను మాత్రం తెల్ల గ్లౌజులు తొడుక్కుని తీసేవాడు. వాటిని ఆయన భార్య పాత ధోవతి గుడ్డతో కుట్టింది. ఆవిడ పోయాక కూడా అవే ఉతుక్కుని వాడాడు. చిన్న చేతులు ఆయనవి, పదో తరగతి పిల్లవాడి చేతుల్లా ఉండేవి. ఎండాకాలమైనా ఆ గదిలో ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు, దుమ్ము లేస్తుందని. మేము చెమటలు కక్కుతూ నిలబడితే ఆయన పొడి మొహంతో ఒక్కొక్క విమానం గురించి చెప్పేవాడు.

తేమ అంటే ఆయనకు చావు భయం. చెప్పుల డబ్బాల్లో చిన్న తెల్ల పొట్లాలు వస్తాయి కదా, తేమ పీల్చుకునేవి. వాటి కోసం శాలిబండ చెప్పుల దుకాణాలన్నీ తిరిగేవాడు. దుకాణంవాళ్ళు ఆయన్ను చూడగానే ఒక కవరు నింపి ఇచ్చి పంపేసేవాళ్ళు, కూర్చుంటే ఎక్కడ లొల్లి పెడతాడోనని. ఆ పొట్లాలు తేమ పీల్చి బరువెక్కాక రొట్టెల పెనం మీద వేసి ఆరబెట్టేవాడు. వాళ్ళింట్లో రొట్టె అడిగితే పెనం ఖాళీ లేదనే జవాబు వచ్చేదని ఆయన కూతురు ఒకసారి నవ్వుతూ చెప్పింది. ఆమె నవ్వడం నేను ఆ ఒక్కసారే చూశాను.

ఇక బోనాల సంగతి. ఊరేగింపు ఆ సందులోంచే పోతుంది. డప్పులకు అద్దాలు అదురుతాయని ఆయన ముందురోజే ఇరవై రెండు విమానాల చక్రాల కిందా దూది ఉండలు పెట్టేవాడు. అది ఆయన ఇష్టం. కానీ అంతటితో ఆగేవాడా? ఒక ఏడాది గడప దిగి వెళ్ళి, ఒళ్ళంతా పసుపు పూసుకుని కొరడా ఝళిపిస్తున్న పోతరాజు ముందు చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర నిమ్మళంగ పోండ్రి. లోపట హరికేన్ ఉన్నది."

హరికేన్ అనేది ఒక విమానం పేరని పోతరాజుకు ఏం తెలుసు? తుఫాను వస్తుందనుకున్నాడో ఏమో ఆకాశం కేసి చూశాడు. డప్పులవాళ్ళు పగలబడి నవ్వి, ఆ ఇంటి ముందే మరో పావుగంట వాయించారు. ఆ పావుగంటా ఆయన అల్మారాకు రెండు చేతులూ ఆన్చి నిలబడ్డాడని తర్వాత తెలిసింది. నాకు జాలి వేయలేదు. మస్తు సంతోషమేసింది.

ఆయన జీవితంలో ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదని అడిగితే, "ఇప్పటియి ఇమానాలా బేటా? బస్సులు. బస్సెక్కనీకి శంషాబాద్ దాకా ఎందుకు, శాలిబండ సాలదా?" అన్నాడు. ఆయన బేటా అన్నాడంటే ప్రేమతో అన్నట్టు కాదు. నీకేమీ తెలియదని చెప్పడానికి ఆయన వాడే మాట అది.

నాకు ఆయన పరిచయమైంది జుమ్మేరాత్ బజార్‌లో. గురువారం గురువారం పాత సామాను రోడ్డు మీద గుట్టలు పోసి అమ్ముతారు. మిక్సీలు, నల్లాలు, పగిలిన టేపురికార్డర్ల మధ్య ఒక మస్టాంగ్ విమానం కనిపించింది. ఆత్రంగా రెక్క పట్టుకుని పైకెత్తాను. ఎవరో నా చేతి మీద ఫట్‌మని కొట్టారు. తిరిగి చూస్తే, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో, గుండీలన్నీ పెట్టుకున్న ఒక పొట్టి మనిషి.

"రెక్క వట్టుకొని లేపుతవా? కోడిపిల్లనా అది? పొట్ట కింద చెయ్యి వెట్టాలె."

నాకప్పుడు ముప్పై ఏళ్ళు. కరెంటాఫీసులో ఉద్యోగం, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు. నడిబజార్లో చేతి మీద దెబ్బ తిన్నాను. నేను నోరు తెరిచేలోపే సామాను అమ్మే చాచా కలగజేసుకున్నాడు.

"క్యా సాబ్, ఖిలౌనే కే లియే ఝగడా?"

బొమ్మ కోసం కొట్లాటేమిటని అడిగాడు, అంతే. విమానాల సారు మొహం మాడిపోయింది. నా చేతిలోంచి మస్టాంగ్‌ను తీసుకుని చాచా ముందు మెల్లగా దించి, "ఖిలౌనా బోల్‌నేవాలే సే నహీ లేతా" అని వెళ్ళిపోయాడు. బొమ్మ అన్నవాడి దగ్గర కొనడట. ఆ విమానం కోసం ఆయన నెలలుగా వెతుకుతున్నాడని నాకు తర్వాత తెలిసింది. నేను కూడా కొనలేకపోయాను. చెయ్యి ఇంకా మండుతోంది. ఆ మనిషి వెనకాలే నడిచి ఇల్లెక్కడో చూసి వచ్చాను. తిట్టడానికే అనుకున్నాను. కానీ తర్వాతి ఆదివారం ఆయన తలుపు తట్టి "విమానాలు చూడ్డానికొచ్చిన సారూ" అన్నాను. నాది సిగ్గులేని జన్మ.

ఆరేళ్ళు తిరిగాను ఆ ఇంటికి. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ముట్టనివ్వలేదు. అన్నిటికంటే ఆయనకు ఇష్టమైంది హరికేన్, బర్మా వైపు ఎగిరినది. దాన్ని తీసినప్పుడల్లా అందరినీ ఒకే ప్రశ్న అడిగేవాడు. "రెక్క మీద గుండ్రం గుర్తుల ఏం తక్కువున్నది?" ఎర్ర చుక్క తక్కువ. జపాన్‌వాళ్ళ విమానాల మీద ఎర్రటి గుండ్రం ఉండేది. ఆకాశంలో ఒకదాన్నొకటి పొరబడి కాల్చుకోకుండా ఈవైపున్న బ్రిటిష్‌వాళ్ళు తమ గుర్తులోంచి ఎరుపు తీసేసి నీలం, తెలుపు ఉంచుకున్నారు. నేను మొదటిసారే జవాబు చెప్పాను. ఆయన నా కేసి చాలాసేపు చూశాడు. శభాష్ అంటాడనుకున్నాను. "పుస్తకంల సదివినవ్" అన్నాడు.

ఇప్పుడు అసలు కోపం దగ్గరికి వస్తాను.

మా బాపు రైల్వే వర్క్‌షాపులో లేతు మిషను మీద పనిచేసి రిటైరయ్యాడు. మా ఇల్లు ఉప్పుగూడ స్టేషను దగ్గర. విమానాల గురించి ఆయనకేమీ తెలియదు. కొడుకు ఆదివారమైతే గౌలిపుర పోయి ఎవరి ఇంట్లోనో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి వస్తున్నాడని మాత్రం తెలుసు. అది ఆయనకు నచ్చలేదు. ఒక గురువారం తనే బజారుకు పోయి, సైకిలు వెనక తువ్వాల్లో చుట్టి ఒక విమానం తెచ్చాడు. మూతికి సొరచేప పళ్ళు గీసిన అమెరికా విమానం. రంగు అక్కడక్కడా లేచిపోయింది, ఒక చక్రం లేదు. వర్క్‌షాపులో పాత దోస్తుల దగ్గరికి పోయి, ఇత్తడి ముక్క ఒకటి అడిగి, లేతు మీద ఆ చక్రాన్ని తిప్పి తెచ్చాడు. రెండో చక్రం పక్కన పెడితే రంగు తప్ప తేడా తెలియలేదు.

"ఇగ ఒగలింట్ల నిలవడకు. ఇది నీది. ఎట్లనన్న వట్టుకో" అన్నాడు మా బాపు.

నేనేం చేశాను? దాన్ని పాత చీరలో చుట్టి, పొట్ట కింద చెయ్యి పెట్టి, షేరింగ్ ఆటోలో గౌలిపుర తీసుకుపోయాను. సారుకు చూపించాలి. నాకూ ఒకటుందని ఆయన కళ్ళముందు పెట్టాలి. నా జీవితంలో చేసిన తెలివితక్కువ పనుల్లో ఇది మొదటిది.

ఆయన గ్లౌజులు తొడుక్కుని దాన్ని అందుకున్నాడు. ముందు చక్రమే చూశాడు. వేలితో తిప్పాడు. భూతద్దం పెట్టి మళ్ళీ చూశాడు. ఆయన మొహంలో నేనెప్పుడూ చూడని మెత్తదనం కనిపించింది. తర్వాత అద్దం రెక్క మొదటికి జరిగింది. అక్కడ ఆగింది.

"దీన్ని దెచ్చి ఎంతసేపైంది?"

"ఇప్పుడే గద సారూ."

"నా అల్మారకు ఎంత దూరంల వెట్టినవ్?"

రంగు కింద వెంట్రుకల్లాంటి పగుళ్ళున్నాయి. దాన్ని జింకు తెగులు అంటారు. పోత పోసేటప్పుడు జింకులో సీసం కలిస్తే, ఏళ్ళు గడిచాక ఆ లోహం తనంతట తనే లోపల్నుంచి చిట్లిపోతుంది. పుట్టుకతో వచ్చే జబ్బు. ఒకదాన్నుంచి ఇంకొకదానికి పాకేది కాదు. కానీ పాత సేకరణదారుల్లో చాలామంది పాకుతుందనే నమ్ముతారు, తెగులు పట్టినదాన్ని ఇంట్లో ఒక్క గంట కూడా ఉంచరు. ఆయనా నమ్మాడు. మా బాపు తెచ్చిన విమానాన్ని పెరట్లోకి పట్టుకుపోయి, బట్టలుతికే బండ మీద పెట్టి, సుత్తె ఎత్తాడు.

"సారూ, ఆగున్రి! మా బాపుది!"

ఆగలేదు. ఒక్క దెబ్బకు అది కరకరలాడే సకినం విరిగినట్టు విరిగింది. ఇంకో రెండు దెబ్బలు వేశాడు. ముక్కల్ని చీపురుతో ఎత్తి గోనె సంచిలో వేశాడు, బండ మీద ఫినాయిలు పోశాడు. నేను పెరటి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. ఏడ్చానా లేదా నాకు గుర్తులేదు. ఇత్తడి చక్రం ఒక్కటే గీత కూడా పడకుండా నల్లా గట్టు కిందికి దొర్లింది. ఆయన దాన్ని తీసి తుడిచి, కాగితంలో పెట్టి నాకిచ్చాడు.

"ఇది ఎవలు దిప్పిండ్రు?"

"మా బాపు."

"పనిమంతుడు" అన్నాడు. "కొడుక్కే ఏం రాలే."

ఆ సాయంత్రం మా బాపు విమానమేదిరా అని అడిగితే, "సారు మస్తు మెచ్చుకున్నడు. అల్మారల పెట్టుకుంటనన్నడు. ఇచ్చిన" అన్నాను. ఇంకేం చెప్పను? మా బాపు మొహం వెలిగిపోయింది. చాయ్ హోటల్లో, స్టేషను బెంచీ మీద, దొరికిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు, విమానాల సారు అల్మారల మాది ఉన్నదని. ఒక్కసారి పోయి చూసొద్దామని అడిగేవాడు. సారు ఊళ్ళో లేడనో, ఇంటికి రంగులు వేస్తున్నారనో దాటేసేవాణ్ణి. మూడేళ్ళు అలాగే దాటేశాను. నాలుగో ఏడు మా బాపు పోయాడు. ఆ అల్మారాలో తన చక్రం ఉందనుకుంటూనే పోయాడు. ఆ మూడేళ్ళూ నేను గౌలిపుర వైపు తొంగి చూడలేదు.

తర్వాత ఒకరోజు సారు కూతురు ఫోన్ చేసింది.

"అన్నా, బాపు మిమ్మల్ని రమ్మంటున్నడు. కండ్లు కనవడ్తలేవు."

పూర్తిగా పోలేదు. చూపు నడిమధ్యలో మచ్చ ఏర్పడింది. పక్కనున్న గోడ కనిపిస్తుంది, ఎదురుగా ఉన్న మనిషి మొహం కనిపించదు. భూతద్దం ఇక పనికిరాదు. తన విమానాలకు పగుళ్ళు వస్తున్నాయో లేదో నెలకోసారి చూసి చెప్పేవాళ్ళు కావాలి. నేను పోకూడదు. పోయాను. అక్కడ విమానాలున్నాయి మరి. హైదరాబాద్ మొత్తంలో ఇంకెక్కడున్నాయి?

మా బాపు మాట ఎత్తలేదు ఆయన. క్షమించమనలేదు. "అద్దం తీస్కో. తోక నుంచి మొదలువెట్టు" అన్నాడు. ఆయన గ్లౌజులతో విమానాన్ని పొట్ట కింద పట్టుకుని తిప్పుతుంటే నేను అద్దంతో చూసి చెప్పాలి. ముట్టడానికి అప్పుడు కూడా లేదు. "మంచిగున్నది సారూ" అంటే అల్మారాలో పెట్టి ఇంకోటి తీసేవాడు. తెగులు అంటుకోదని పుస్తకం పట్టుకుపోయి చదివి వినిపించాను. "రాసినోడు ఎన్నిటిని పోగొట్టుకున్నడు?" అని అడిగాడు. నేను పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను.

ఏడాదిన్నర చూశాను అలా. ఆయన నా మాటను ఎన్నడూ అనుమానించలేదు. నేను మంచిగుంది అంటే మంచిగున్నట్టే. అంత నమ్మకం ఆయన తన కూతురి మీద కూడా పెట్టలేదు. అది నాకు గర్వంగానే ఉండేదని ఇప్పుడు రాయడానికి సిగ్గుపడుతున్నాను.

ఒక ఆదివారం సికింద్రాబాద్ నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. అతనూ ఈ పిచ్చివాడే. విమానాలు అన్నాడు, చేతులు కడుక్కున్నాడు, ఎర్ర చుక్క సంగతి చెప్పాడు. సారు అతనికి "శభాష్" అన్నాడు. నేను పదేళ్ళలో వినని మాట. అంతటితో ఊరుకోక నన్ను చూపించి నవ్వాడు.

"గీన ఒకసారి రోగిష్టి ఇమానం దెచ్చి నా ఇంట్ల వెట్టిండు. సుత్తె వెట్టి దాని సంగతి సూషిన. గప్పుడు గీన మొకం సూడాల్సింది నువ్వు. సచ్చిన కోడి లెక్క అయింది."

ఇంజినీరు మర్యాదకు నవ్వాడు. నేను నవ్వలేదు. మా బాపు పోయి అప్పటికి రెండేళ్ళయినా కాలేదు. స్టేషను బెంచీ మీద ఆయన చెప్పుకున్న మాటలన్నీ నా చెవుల్లో గిర్రున తిరిగాయి.

ఇంజినీరు వెళ్ళాక తనిఖీ మొదలైంది. హరికేన్ దగ్గరికి వచ్చాం. అద్దం పెట్టి చూశాను. ఒక్క గీత లేదు. అప్పుడే పోతలోంచి తీసినట్టు ఉంది.

"సారూ" అన్నాను. "తోక దగ్గర గీత కనవడ్తున్నది."

ఆయన చేతులు ఆగిపోయాయి. కుడిచేతి గ్లౌజు తీశాడు. ఆయన ఒట్టిచేత్తో విమానాన్ని ముట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే. బొటనవేలిని తోక మీద అటు నుంచి ఇటు మెల్లగా జరిపాడు. మళ్ళీ ఇటు నుంచి అటు.

"నీకు కనవడ్తున్నదా?"

"కనవడ్తున్నది సారూ. వెంట్రుకంత."

ఆయన తీసిన గ్లౌజు మళ్ళీ తొడుక్కున్నాడు. తర్వాత వంటింట్లోకి పోయి బియ్యం సంచి తెచ్చి, దాన్ని అందులో తనే పెట్టాడు.

"తీస్కపో. పలగ్గొట్టు. దీన్ని నేను కొట్టలేను."

నేను పగలగొట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఉప్పుగూడ తెచ్చాను. మా ఇంటి షోకేసులో, ఇత్తడి చక్రం పక్కన పెట్టాను. ఆ రాత్రి మా బాపు ఫోటో ముందు నిలబడి, ఇప్పుడు లెక్క సరిపోయింది అనుకున్నాను. సంతోషం వేసింది. ఆ మాట కూడా దాచను.

మరుసటి నెల ఆయన అడిగాడు.

"పలగ్గొట్టినవా?"

"కొట్టిన."

"ఎట్ల ఇరిగింది?"

మంచి లోహం సుత్తెకు సొట్ట పోతుంది, అంత తేలిగ్గా విరగదు. తెగులు పట్టిందైతేనే ముక్కలవుతుంది. అది నాకు తెలుసు. అందుకే తడుముకోకుండా, "సకినం లెక్క ఇరిగింది సారూ" అన్నాను. ఆయన తలూపి, "తర్వాతది తియ్యి" అన్నాడు. ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు నేను మంచిగుంది మంచిగుంది అంటూనే ఉన్నాను, ఆయన తలూపుతూనే ఉన్నాడు. అల్మారాలో హరికేన్ ఉండే చోటు ఖాళీగానే ఉంచాడు. అక్కడ ఇంకోటి పెట్టలేదు.

పోయిన నెల ఆయన పోయాడు. పదకొండో రోజు భోజనానికి వెళ్ళాను. ముందుగదిలో అల్మారాలు ఖాళీ. అన్నీ ఆ సికింద్రాబాద్ ఇంజినీరుకు ఇమ్మని చెప్పి పోయాడట. అతను ముందురోజే వచ్చి డబ్బాల్లో సర్దుకుపోయాడు. పదేళ్ళకు పైగా ఆ గడప తొక్కినవాణ్ణి నేను. నాకు ఒక్క చక్రం కూడా లేదు. విస్తరి ముందు కూర్చున్నాను గానీ తినకుండానే మడిచి లేచాను.

వచ్చేస్తుంటే సారు కూతురు పెరట్లోకి పిలిచింది. అదే బండ, అదే నల్లా. చేతిలో ఒక చిన్న కాగితం పొట్లం ఉంది.

"అన్నా, బాపు ఇది మీకియ్యమన్నడు. ఒక మాట గూడ చెప్పమన్నడు. నాకైతే చెప్పబుద్దైతలేదు."

"చెప్పమ్మా. ఆయన మాటలు నాకు కొత్తనా?"

ఆమె తల వంచుకుని, అప్పజెప్పినట్టుగా చెప్పింది. "'హరికేన్‌కు ఏం రోగం లేదు. నా వేలుకు తెల్సు. వాళ్ళ బాపు ఇమానం నేను పలగ్గొట్టిన, అందుకని ఇచ్చిన. కని వాడు అడిగి తీస్కోలే, అబద్దమాడి తీస్కున్నడు. అబద్దమాడినోని చేతులు దాన్ని ముట్టొద్దు. ఇవి ఏస్కొని ముట్టుమను' అన్నడు. ఏందన్నా ఇదంతా? నాకు సమజ్ కాలే."

"ఏం లేదమ్మా" అన్నాను.

పొట్లంలో తెల్ల గ్లౌజులు. ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఉన్నాయి.

ఇంటికొచ్చి షోకేసు తెరిచాను. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం నేను ఒట్టిచేతులతో తీసి తుడిచి పెట్టుకున్న విమానం. చెయ్యి చాపాను. ముట్టలేకపోయాను. గ్లౌజు తొడుక్కోబోయాను. నా వేళ్ళు సగం కూడా దూరలేదు. మా బాపు చేతుల్లాంటివే నా చేతులు, లేతు మనిషి చేతులు. అవి ఆ పొట్టి మనిషి గ్లౌజుల్లో పట్టవు. పట్టవని ఆయనకు బాగా తెలుసు. కుళాయి దగ్గర ఎన్ని వందలసార్లు నా చేతులు తిప్పించి చూశాడు!

ఆయన్ను నేను క్షమించలేదు, క్షమించను. హరికేన్ మీద దుమ్ము పేరుకుంటోంది. ఎర్ర చుక్క లేని ఆ గుండ్రం గుర్తు మసకబారింది. తుడవవేమని మా ఆవిడ అడుగుతోంది, తను తుడవబోతే వద్దని అరుస్తున్నాను. ఆదివారమైతే షోకేసు ముందు పోయి నిలబడుతున్నాను, చేతులు వెనక్కి పెట్టుకుని.